జింకకు మేత వద్దు, దారి కావాలి

సియాటిల్‌కు తూర్పున, ఇసాక్వా కొండల అంచున ఉన్న మా కాలనీలో చలికాలం మొదలవగానే రెండు రకాల మాటలు వినిపిస్తాయి. "పాపం, జింకలు చిక్కిపోయాయి, ఏదైనా పెడదాం" అనేది మొదటిది. "ఈ జింకలు ఒక్క గులాబీ మొక్కనూ బతకనివ్వడం లేదు, వెనక వాగు పొడవునా కంచె కట్టించండి" అనేది రెండోది. చాలాసార్లు రెండు మాటలూ ఒకే ఇంటి నుంచి వస్తాయి. నా దృష్టిలో రెండూ తప్పే. మనం పోసే గింజలు జింకకు కీడు చేస్తాయి. మనం కట్టే కంచె అంతకన్నా పెద్ద కీడు చేస్తుంది. ఇక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పెరళ్లలోకి కూడా ఈ జింకలు రోజూ వస్తున్నాయి కాబట్టి, ఈ సంగతి తెలుగులోనే వివరంగా రాయాలనిపించింది.

మా పెరట్లోకి వచ్చేవి నల్లతోక జింకలు. కాస్కేడ్ పర్వతాలు దాటి తూర్పుకు వెళితే కనిపించేవి మ్యూల్ డీర్. శాస్త్రవేత్తలు రెండింటినీ ఒకే జాతి కింద లెక్కిస్తారు. నల్లతోకలు ఉత్తర కాలిఫోర్నియా నుంచి బ్రిటిష్ కొలంబియా దాకా పసిఫిక్ తీరపు తడి అడవుల్లో ఉంటాయి. వాటికి దగ్గరి చుట్టాలైన సిట్కా జింకలు ఆగ్నేయ అలాస్కా దీవుల్లో బతుకుతాయి. మ్యూల్ డీర్ రాజ్యం చాలా పెద్దది: రాకీ పర్వతాలు, వాటి చుట్టూ ఉన్న పొదల మైదానాలు, దక్షిణాన మెక్సికో ఎడారుల వరకు. కాస్కేడ్ శిఖరాల దగ్గర రెండు రకాలూ కలిసి పిల్లల్ని కంటాయి కూడా. తేడా తెలియాలంటే తోక చూడాలి. నల్లతోకకు తోక పైభాగమంతా నలుపే. మ్యూల్ డీర్ తోక సన్నగా, తెల్లగా ఉండి చివర మాత్రం నల్లటి కుచ్చు ఉంటుంది. తలకు పెద్దవనిపించే చెవులు మాత్రం రెండింటికీ ఉన్నాయి. ఆ చెవులు ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి, దేనికది తిరుగుతూనే ఉంటాయి.

బెదిరినప్పుడు ఇది పరిగెత్తే తీరు వేరు. నాలుగు కాళ్లతో ఒక్కసారే నేలను తన్ని గాల్లోకి లేస్తుంది, మళ్లీ నాలుగూ ఒక్కసారే దిగుతాయి. దిగిన చోటు నుంచి ఏ వైపుకైనా తిరగగలదు. రాళ్లు, పొదలు, ఏటవాలు నిండిన నేలమీద వెంటపడే ప్యూమా (కొండ సింహం) దాని తర్వాతి అడుగు ఎటో ఊహించలేదు. చదునైన తారురోడ్డు మీద, దూసుకొచ్చే కారు ముందు, ఈ విద్య దానికి ఏ మాత్రం పనికిరాదు.

మా వెనక వాగు గట్టున ఒక ఆడ నల్లతోక మేస్తుంటే కిటికీలోంచి చాలాసేపు చూశాను. గేదెలా ఒకచోట నిలబడి గడ్డిని దవడలోకి లాక్కోలేదు అది. బ్లాక్‌బెర్రీ తీగ మీద ఒక ఆకు తెంపింది. రెండడుగులు వేసి హకుల్‌బెర్రీ చివురు కొరికింది. దేవదారు కొమ్మ చివర వాసన చూసి వదిలేసింది. రాలిన ఒక ఆకును నేలమీంచి ఏరుకుంది. దాని పై దవడకు ముందు పళ్లు ఉండవు కాబట్టి కింది పళ్లతో పట్టి, తల విదిలించి తెంపుతుంది. అందుకే అది తిన్న కొమ్మ చివర కత్తితో కోసినట్టు నున్నగా ఉండదు, పీచులు పీచులుగా చీలి ఉంటుంది. కుందేలు కొరికినదానికీ జింక కొరికినదానికీ అదే తేడా. ఇంత ఏరుకుని తినడానికి కారణం దాని పొట్టలో ఉంది.

జింక కూడా ఆవు, గేదెల్లాగే నెమరువేసే జంతువే, దానికీ నాలుగు గదుల పొట్ట ఉంది. కానీ శరీరంతో పోలిస్తే మొదటి గది చిన్నది. ముతక గడ్డిని రోజుల తరబడి నానబెట్టి జీర్ణం చేసుకునే తీరిక ఆ పొట్టకు లేదు. తేలికగా అరిగే చిగుళ్లు, మొగ్గలు, లేత కొమ్మలు, పూలు దానికి కావాలి. ఆ గదిలో కోట్లాది సూక్ష్మజీవులు ఉంటాయి. తిండిని నిజంగా అరిగించేది అవే. కాలం మారుతుంటే తిండి మెల్లగా మారుతుంది, తిండితో పాటు ఆ సూక్ష్మజీవుల గుంపు కూడా వారాల వ్యవధిలో మారుతుంది. జనవరి నెలలో జింక పొట్టలో ఉండేది ఎండు కొమ్మలను, సతతహరిత ఆకులను అరిగించే గుంపు. అప్పుడు దాని ముందు బక్కెట్టెడు మొక్కజొన్న పోస్తే ఏమవుతుంది?

మన పల్లెల్లో గేదెలున్న ఇళ్లవాళ్లకు ఈ ప్రశ్నకు జవాబు ముందే తెలుసు. పెళ్లి భోజనాల తర్వాత మిగిలిన అన్నం కుప్పగా పారేస్తే, కట్టు తెంచుకుని వచ్చిన గేదె దాన్ని కడుపారా తిని, తెల్లారేసరికి పొట్ట ఉబ్బి పడిపోవడం ఊళ్లలో కొత్త కాదు. పిండిపదార్థం ఒక్కసారిగా పడగానే పొట్టలో ఆమ్లం పెరిగిపోతుంది, మేలు చేసే సూక్ష్మజీవులు చస్తాయి, ఆ ఆమ్లం రక్తంలోకి చేరుతుంది. జింక విషయంలోనూ జరిగేది సరిగ్గా అదే. ఎండుగడ్డి పెట్టినా ప్రమాదమే, కాకపోతే తీరు వేరు: పొట్ట నిండా గడ్డి ఉండి కూడా అది అరగక, ఒంట్లోకి ఏమీ చేరక ఆకలితోనే చనిపోతుంది. చలికాలంలో చనిపోయిన జింకలను కోసి చూసిన పశువైద్యులకు నిండు పొట్టలు కనబడటం అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో ఎప్పటి నుంచో తెలిసిన విషయం.

ఈ సంగతే మా వీధిలో ఒక స్నేహితురాలి తల్లిగారికి చెప్పాల్సి వచ్చింది. గుంటూరు జిల్లా నుంచి కొన్ని నెలలకని వచ్చిన ఆవిడ, రోజూ మధ్యాహ్నం పెరటి గుమ్మం దగ్గర ఒక పళ్లెంలో అన్నం, ఆపిల్ ముక్కలు పెట్టేవారు. ఒక తల్లి జింక, రెండు పిల్లలు వేళకు వచ్చి నిలబడేవి.

"పిన్నిగారూ, వాటికి అన్నం పెట్టకండి, ఒంటికి పడదు" అన్నాను.

"ఆకలితో గుమ్మంలోకి వచ్చిన నోరులేని జీవాన్ని పొమ్మనడం ఎలాగమ్మా? మా ఇంట్లో ఆవుకు పెట్టకుండా మేం తినేవాళ్లం కాదు" అన్నారు ఆవిడ.

ఆ మాటలో ఉన్న ప్రేమను నేను తక్కువ చేయను. ఎదురుగా ఉన్న ప్రాణికి పెట్టి తినడం మనకు తరాలుగా వచ్చిన మంచి గుణం. ఆ గుణం ఉన్న మనిషికి "పెట్టకండి" అని చెప్పడం కష్టం. నేను గేదె సంగతే గుర్తుచేశాను. ఆవిడ చాలాసేపు ఆలోచించి, "మరి ఏం చేస్తే మేలు?" అని అడిగారు. ఆ ప్రశ్నకు పూర్తి జవాబే ఈ వ్యాసం.

అన్నం, మొక్కజొన్నల సంగతి అలా ఉంచితే, మేత పెట్టడంలో ఇంకా పెద్ద ప్రమాదం గుంపు. అడవిలో చెదిరి మేసే జింకలు ఒక పళ్లెం చుట్టూ మూతులు కలిపి నిలబడతాయి. 1967లో కొలరాడో రాష్ట్రం ఫోర్ట్ కాలిన్స్ దగ్గరి పరిశోధన కేంద్రంలో, దొడ్లలో పెంచుతున్న మ్యూల్ డీర్‌లలో ఒక వింత జబ్బు కనిపించింది. జింకలు చిక్కి శల్యమయ్యేవి, తల వాలిపోయేది, చొంగ కార్చేవి, చివరికి అన్నీ చనిపోయేవి. 1978లో ఎలిజబెత్ విలియమ్స్ అనే పశువైద్యురాలు వాటి మెదడును సూక్ష్మదర్శినిలో చూసి, అది స్పంజిలా తూట్లు పడే మెదడు వ్యాధి అని గుర్తించారు. దీనికి కారణం వైరస్ కాదు, బ్యాక్టీరియా కాదు. మెలిక తప్పిన ఒక ప్రొటీన్, దాని పేరు ప్రియాన్. లక్షణాలు బయటపడక ముందే జబ్బు పట్టిన జింక చొంగలో, మూత్రంలో, పేడలో అది బయటికి వస్తుంది. మట్టిలో చేరితే ఏళ్ల తరబడి చావదు. దీనికి మందు లేదు, టీకా లేదు. ఇప్పుడు ఈ జబ్బు అమెరికాలో 30కి పైగా రాష్ట్రాలకు పాకింది. మనుషులకు సోకినట్టు ఇంతవరకు రుజువు లేదు. మా వాషింగ్టన్ రాష్ట్రంలో మొదటిసారి 2024లో స్పోకేన్ దగ్గర, ఒక తెల్లతోక జింకలో బయటపడింది. ఆ తర్వాత రాష్ట్రం జింకలకు మేత పెట్టడాన్ని నిషేధించింది. కాలిఫోర్నియాలో ఆ నిషేధం అంతకు ముందు నుంచే ఉంది.

మా వైపు నల్లతోకలను పీడిస్తున్నది ఇంకొకటి. వేరే ఖండపు జింకల మీద ఉండే ఒక రకం పేను 1990ల నుంచి పశ్చిమ వాషింగ్టన్ జింకలకు పట్టింది. దురద భరించలేక జింక తన ఒళ్లు తనే నాకి, కొరికి వెంట్రుకలు ఊడగొట్టుకుంటుంది. పక్కలకు పసుపు కలిసిన తెల్లటి మచ్చలు పడతాయి. జనవరి వానలో, మంచులో, ఒంటిమీద బొచ్చు లేని పిల్ల ఎన్నాళ్లు బతుకుతుంది? ఆ పేను ఒక ఒంటి నుంచి ఇంకో ఒంటికి ఎక్కేది జింకలు ఆనుకుని నిలబడినప్పుడే. పిన్నిగారి పళ్లెం దగ్గరికి వచ్చిన పిల్లల్లో ఒకదానికి అప్పటికే పక్క మీద అరచేతంత మచ్చ ఉంది.

"మరి ప్రభుత్వాలే మేత పెట్టిన సందర్భాలు ఉన్నాయి కదా" అని కొందరు అడుగుతారు. ఉన్నాయి. కొలరాడోలో 1983-84 చలికాలం అతి కఠినంగా గడిచినప్పుడు, జింకల పొట్టకు సరిపడేలా ప్రత్యేకంగా తయారుచేయించిన మేతను పంచారు. అది కొన్ని ప్రాణాలను కాపాడిందని తర్వాతి పరిశీలనలు చెప్పాయి. నేను దాన్ని కాదనను. కానీ దానికి నిపుణులు, ముందస్తు తయారీ, విపరీతమైన ఖర్చు కావలసి వచ్చాయి. ఒక ఇంటి పెరట్లో ఆపిల్ ముక్కలు పెట్టడానికీ దానికీ పోలిక లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. మ్యూల్ డీర్ చలికాలంలో బతికేది ప్రధానంగా ఎండాకాలపు కొవ్వు మీద. శరద్ రుతువు నాటికి ఒంట్లో చేర్చుకున్న కొవ్వును కరిగించుకుంటూ వసంతం దాకా వస్తుంది; ఆ మధ్యలో ఒంటి బరువులో ఐదో వంతు దాకా తగ్గడం దానికి మామూలే. చిక్కిన జింకను చూసి మనకు కడుపు తరుక్కుపోతుంది, కానీ ఆ చిక్కడం దాని ఏడాది లెక్కలో భాగం. అసలు ప్రశ్న జనవరిలో దానికి ఏం పెట్టాం అన్నది కాదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా అది మంచి మేత ఉన్న చోటికి చేరగలిగిందా, చలికి ముందు కిందికి దిగిరాగలిగిందా అన్నదే. చేరడానికి దారి కావాలి.

వయోమింగ్‌లో ఈ దారుల కథ నన్ను ఎప్పుడూ కదిలిస్తుంది. ఆ రాష్ట్రం దక్షిణాన రెడ్ డెజర్ట్ అనే పొదల ఎడారి ఉంది. అక్కడ చలికాలంలో కనిపించే మ్యూల్ డీర్ ఏడాది పొడవునా అక్కడే ఉంటాయని అందరూ అనుకునేవారు. హాల్ సాయర్ అనే జీవశాస్త్రవేత్త 2011లో కొన్ని ఆడ జింకల మెడకు జీపీఎస్ కాలర్లు వేశారు. వసంతం రాగానే అవి ఉత్తరానికి కదిలాయి, ఆగలేదు. విండ్ రివర్ పర్వతాల పాదాల వెంట నడిచి, నదులు ఈది, హోబాక్ లోయ చేరాయి. ఒకవైపు ప్రయాణమే దాదాపు 240 కిలోమీటర్లు. శరద్ రుతువులో మళ్లీ అదే దారిన వెనక్కి. ఆ దారిలో వందకు పైగా కంచెలు దాటాలి. ఇన్నేళ్లు మనుషులు ఆ దారికి అడ్డంగా ఇళ్లు కట్టుకుని, పశువులు మేపుకుంటూ ఉండి కూడా, వేల జింకలు తమ ముందు నుంచి ఏటా రెండుసార్లు దాటిపోతున్నాయని గ్రహించలేదు.

2016లో అదే ఎడారిలో కాలరు వేసిన ఒక ఆడ జింక ఇంకా ముందుకు వెళ్లింది. పరిశోధకుల పుస్తకంలో దాని పేరు 255. తోటివన్నీ హోబాక్ దగ్గర ఆగితే, అది పర్వతాలు దాటి ఐడహో రాష్ట్రంలోని ఐలండ్ పార్క్ దాకా నడిచింది. దూరం సుమారు 390 కిలోమీటర్లు. ఆ కాలరు పనిచేయడం మానేసి, దాని జాడ తెలియకుండా పోయింది. 2018లో ఎడారిలో వేరే జింకల కోసం వల వేసినప్పుడు అదృష్టవశాత్తు మళ్లీ అదే చిక్కింది. కొత్త కాలరు వేశారు. మళ్లీ అంత దూరమూ నడిచి వెళ్లింది. మ్యూల్ డీర్‌లలో ఇంతకు మించిన వలస అంతకు ముందు ఎవరూ నమోదు చేయలేదు.

ఎందుకు ఇంత దూరం? మంచు కరిగిన చోట మొదట మొలిచే గడ్డి, చిగురు చాలా మెత్తగా, మాంసకృత్తులతో నిండి ఉంటుంది. కొన్ని రోజులకే ముదిరిపోతుంది. కింద నుంచి పైకి, దక్షిణం నుంచి ఉత్తరానికి ఆ పచ్చదనం ఎలా పాకితే జింక దాని వెంటే అలా నడుస్తుంది. తినే ప్రతి పూటా లేత చిగురే దొరుకుతుంది. నేను ముందు చెప్పిన చిన్న పొట్టకు ఇది తప్ప వేరే మార్గం లేదు. అయితే జింక కేవలం ముందున్న పచ్చదనం చూసి నడుస్తుందా? 2019లో జెరాడ్ మెర్కిల్, ఆయన సహచరులు ప్రచురించిన పరిశోధన ప్రకారం, మ్యూల్ డీర్ వలసను నడిపించేది అప్పటి పచ్చదనం కన్నా చాలా ఎక్కువగా దాని జ్ఞాపకమే. ముందటి ఏడు నడిచిన దారి దానికి గుర్తుంటుంది. మొదటి ఏడాది తల్లి వెంట నడిచే పిల్ల ఆ దారిని నేర్చుకుంటుందని పరిశోధకుల అభిప్రాయం.

ఈ జ్ఞాపకంలోనే దాని బలహీనత కూడా ఉంది. దారి మూసుకుపోతే, మరో దారి వెతుక్కునే నేర్పు మ్యూల్ డీర్‌కు తక్కువ. వయోమింగ్‌లోనే పైన్‌డేల్ దగ్గర ఒక పెద్ద గ్యాస్ క్షేత్రం ఉంది. బావుల చుట్టూ మ్యూల్ డీర్ కదలికలను సాయర్ బృందం సుమారు 15 ఏళ్లు గమనించింది. జంతువులు కొంతకాలానికి అలవాటుపడతాయని కంపెనీలు, అధికారులు ఆశించారు. అవి అలవాటుపడలేదు. ఏళ్లు గడిచినా బావులకు మునుపటికన్నా సగటున దాదాపు కిలోమీటరు ఎక్కువ దూరంలోనే ఉండిపోయాయి, ఆ గుంపు సంఖ్య మూడో వంతుకు పైగా తగ్గింది. పొదలు అక్కడే ఉన్నాయి, మేత అక్కడే ఉంది. జింక మాత్రం అక్కడికి వెళ్లలేదు. ఇలాంటి ప్రాణికి మనం పళ్లెంలో ఆపిల్ ముక్కలు అందించి ఏం బాగుచేస్తాం?

పైన్‌డేల్ పక్కనే ఫ్రీమాంట్ సరస్సు ఉంది. సరస్సుకూ ఊరికీ మధ్య జింకల దారి కొన్ని వందల గజాల వెడల్పుకు కుదించుకుపోయింది. నాలుగైదు వేల జింకలు ఆ సందులోంచే వెళ్లాలి. అక్కడ సరస్సు ఒడ్డున ప్లాట్లు వేసి విడిది ఇళ్లు కట్టాలన్న ఆలోచన వచ్చింది. హైదరాబాదు చుట్టుపక్కల చెరువుల గట్లను చూసినవాళ్లకు తర్వాత ఏమవుతుందో చెప్పనక్కరలేదు. కానీ ఇక్కడ ది కన్సర్వేషన్ ఫండ్ అనే సంస్థ విరాళాలు పోగుచేసి ఆ 364 ఎకరాలను కొని రాష్ట్ర వన్యప్రాణి శాఖకు అప్పగించింది. జింకలు ఇప్పటికీ అక్కడి నుంచే వెళుతున్నాయి. ఒక ముఖ్యమైన సందును కాపాడితే 240 కిలోమీటర్ల దారి మొత్తం బతికింది. ఈ ఒక్క ఉదాహరణ దగ్గర నా వాదన ఆపేసినా నాకు అభ్యంతరం లేదు.

అయినా కంచెల గురించి చెప్పాలి, ఎందుకంటే ఆ పని నా చేతులతో చేశాను. కాస్కేడ్‌లకు తూర్పున, ఓకనోగన్ ప్రాంతంలో, వదిలేసిన పాత ముళ్లకంచెలు తీసేసే స్వచ్ఛంద కార్యకర్తలతో కలిసి వెళ్లాను. జింక కంచె దూకేటప్పుడు వెనక కాళ్లను ముందుకు మడిచి తెస్తుంది. పై రెండు తీగలు దగ్గరగా, వదులుగా ఉంటే కాలు ఆ రెంటి మధ్యకు దిగి మెలితిరిగిపోతుంది. ఇక విడిపించుకోలేదు, తలకిందులుగా వేలాడుతుంది. ఒకచోట అలాంటి మెలికలో కాలి ఎముక, డెక్కతో సహా ఇంకా ఇరుక్కుని ఉంది, మిగతా ఒళ్లంతా తోడేళ్లో, వాటికన్నా చిన్నవైన కయోటీలో ఎప్పుడో తినేశాయి. తుప్పు పట్టిన ఆ తీగను కత్తిరించి, ఎముకను విడదీసి, పక్కన పొద కింద పెట్టాం. పెద్ద జింకలు దూకగలిగిన కంచెను పిల్లలు దాటలేవు. తల్లి అటు, పిల్ల ఇటు మిగిలిపోతాయి.

దీనికి పరిష్కారం కష్టమైంది కాదు. పశువులున్న రైతుకు కంచె తప్పనిసరే, దాన్ని ఎవరూ కాదనరు. కింది తీగను ముళ్లు లేకుండా, నేల నుంచి కనీసం 16 అంగుళాల ఎత్తున కడితే పిల్లలు కింద నుంచి దూరి వెళతాయి. పై తీగ 40, 42 అంగుళాలు మించకూడదు. పై రెండు తీగల మధ్య 12 అంగుళాల ఎడం ఉంటే కాలు ఇరుక్కోదు. ఆవులు దాటవు, జింకలు దాటుతాయి. పశ్చిమ రాష్ట్రాల్లో చాలామంది రైతులు తమంతట తాముగా ఇలా మార్చుకుంటున్నారు.

రోడ్ల విషయంలో ఇంకా మంచి కబురు ఉంది. వయోమింగ్‌లో 30వ నంబరు హైవే నగెట్ కాన్యన్ అనే చోట జింకల దారిని అడ్డంగా కోస్తుంది. అక్కడ ఎత్తయిన కంచె వేసి, దాని మధ్య ఏడు అండర్‌పాస్‌లు కట్టారు. మూడేళ్లలో దాదాపు 49 వేల సార్లు మ్యూల్ డీర్ వాటిలోంచి దాటినట్టు కెమెరాలు లెక్కవేశాయి, వాహనాలు జింకలను ఢీకొనడం 81 శాతం తగ్గింది. ఉత్తరాన ట్రాపర్స్ పాయింట్ దగ్గర 2012లో రెండు పైవంతెనలు, ఆరు అండర్‌పాస్‌లు పూర్తయ్యాయి. అక్కడ ప్రాంగ్‌హార్న్ అనే, జింకను పోలిన జంతువులు ఎక్కువగా పైవంతెనలు ఎక్కితే, మ్యూల్ డీర్ ఎక్కువగా కింది దారులు ఎంచుకున్నాయి. ఏ జంతువుకు ఏది నచ్చుతుందో చూసి కట్టాలన్నమాట. ఇటీవల ఇలాంటి దారుల కోసం 2021 మౌలిక వసతుల చట్టంలో కేంద్ర ప్రభుత్వం 35 కోట్ల డాలర్లు కేటాయించింది. మా ఇంటి నుంచి తూర్పుకు వెళ్లే ఐ-90 మీద, కీచెలస్ సరస్సు దాటాక, చెట్లు నాటిన పైవంతెన ఒకటి కనబడుతుంది. వారాంతాల్లో మన వాళ్లెందరో మంచు ఆటలకని దాని కిందుగానే వెళుతుంటారు. అది జంతువుల కోసం కట్టిన వంతెన.

ఇలాంటివి అమెరికాకే సాధ్యం అనుకోనక్కరలేదు. హైదరాబాదు నుంచి నాగ్‌పూర్ మీదుగా ఉత్తరానికి వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారి పెంచ్ పులుల అభయారణ్యం పక్కనుంచి వెళుతుంది. అక్కడ రోడ్డును స్తంభాల మీద లేపి, కింద జంతువులకు దారి వదిలారు. పులులూ చుక్కల దుప్పులూ ఆ నీడలోంచి దాటుతున్న ఫొటోలు కెమెరాల్లో నమోదయ్యాయి.

నా వాదనకు ఎదురుగా నిలబెట్టదగిన గట్టి ఉదాహరణ ఏదైనా ఉందంటే అది జింకలు మితిమీరిన చోట. బ్రిటిష్ కొలంబియా తీరానికి దూరంగా ఉన్న హైదా గ్వాయి దీవుల్లో అసలు నల్లతోక జింకలు ఉండేవి కావు. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో వేటకు పనికొస్తాయని తెచ్చి వదిలారు. ఆ దీవుల్లో తోడేలు లేదు, ప్యూమా లేదు. జింకలు పెరిగి పెరిగి అడవి కింది భాగాన్ని ఊడ్చేశాయి. పెద్ద చెట్లు ఉన్నాయి, వాటి కింద నాచు తప్ప ఏమీ లేదు. అక్కడి మూలవాసులైన హైదా ప్రజలు పడవలకు, ఇళ్లకు, స్తంభాలకు వాడే ఎర్ర దేవదారు మొలకలు తలెత్తకముందే జింక నోట్లోకి పోతున్నాయి. పొదల్లో గూళ్లు కట్టే పక్షులు తగ్గిపోయాయి. అరిజోనాలోని కైబాబ్ పీఠభూమిది మరో కథ. 1906లో దాన్ని రక్షిత ప్రాంతం చేశాక, వేటను నిషేధించి ప్యూమాలను, కయోటీలను ఏళ్ల తరబడి చంపారు. జింకలు లక్షకు చేరాయని కొందరు అన్నారు. ఆ అంకెను తర్వాతి పరిశోధకులు నమ్మలేదు కానీ, 1924 తర్వాతి చలికాలాల్లో జింకలు ఆకలితో పెద్ద సంఖ్యలో చచ్చిపోయాయన్నది నిజం. 1924 డిసెంబరులో వాటిని గుంపుగా తోలి, గ్రాండ్ కాన్యన్ దాటించి అవతలి గట్టుకు చేర్చాలని గుర్రాల మీద కౌబాయ్‌లు, గంటలు పట్టుకుని కాలినడకన నవాహో మూలవాసులు వరుసగా నిలబడ్డారు. మంచు తుఫాను వచ్చింది. జింకలు ముందుకు వెళ్లలేదు, మనుషుల వరుస మధ్య సందుల్లోంచి వెనక్కి దూసుకుపోయాయి. ఒక్కటి కూడా అవతలి గట్టు చేరలేదు.

కాబట్టి జింకల సంఖ్య ఎప్పుడూ పెరగాలని నేను అనడం లేదు. తోడేలు, ప్యూమా ఉండాల్సిన చోట ఉండాలి. హైదా గ్వాయిలో లాగా అవి లేని చోట జింకలను తగ్గించక తప్పదు, ఆ పని అక్కడి ప్రజలు చేస్తే నేను తప్పుపట్టను. కానీ పళ్లెంలో మేత పెట్టేవాళ్లకు హైదా గ్వాయి మద్దతు ఇవ్వదు. అది ఇంకా గట్టిగా వారించే ఉదాహరణ.

ఇక వేసవి గురించి ఒక్క మాట. జూన్‌లో తోటలో, చెట్టు కింద, ఒంటినిండా తెల్ల చుక్కలతో కదలకుండా పడుకున్న జింక పిల్ల కనిపిస్తే దాన్ని ఎత్తుకోకండి. తల్లి వదిలేసి పోలేదు. మొదటి రోజుల్లో పిల్ల ఒంటికి వాసన దాదాపు ఉండదు. తల్లి దగ్గరగా ఉంటే తన వాసన పట్టి కయోటీలు వస్తాయని అది దూరంగా మేస్తూ, పాలివ్వడానికి మాత్రమే వస్తుంది. పిల్ల కష్టంలో అరిస్తే ఆ తల్లి ఎంత త్వరగా వస్తుందో కెనడా మైదానాల్లో సూసన్ లింగిల్ అనే శాస్త్రవేత్త పరీక్షించారు. స్పీకరులో ఇతర జాతుల పిల్లల ఏడుపులు, చివరికి మనిషి పసిపాప ఏడుపు కూడా, జింక పిల్ల గొంతు స్థాయికి సరిచేసి వినిపిస్తే మ్యూల్ డీర్ తల్లులు స్పీకరు దగ్గరికి పరిగెత్తుకొచ్చాయి. ఏటా జూన్‌లో జాలితో ఎత్తుకెళ్లి సంరక్షణ కేంద్రాల్లో అప్పగించే పిల్లల్లో చాలావాటికి అడవి అంచున తల్లి వెతుకుతూ ఉంటుంది.

ఇప్పుడు మా కాలనీ సంగతి. వచ్చే నెల సంఘం సమావేశంలో వెనక వాగు పొడవునా, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆరడుగుల తీగ కంచె కట్టాలన్న ప్రతిపాదన ఓటుకు వస్తోంది. ఆ వాగు గట్టే కొండల మీది అడవికీ కింద సరస్సు వైపు పొదలకీ మధ్య మిగిలిన ఒక్క దారి. దానికి రెండు వైపులా ఇళ్లు, ముందు నాలుగు వరుసల రోడ్డు. అక్కడ కంచె కడితే జింకలు ఆగిపోవు, రోడ్డెక్కుతాయి. నేను పెట్టబోయే ప్రతిపాదన ఇది: వాగు తెరిచే ఉండాలి. గోంగూర మడి, గులాబీలు, టమాటాలు కావలసినవాళ్లు తమ మడి చుట్టూ మాత్రమే ఎనిమిదడుగుల వల కంచె వేసుకోవాలి. నల్లతోక దాన్ని సాధారణంగా దూకదు, సంఘం కంచెకయ్యే డబ్బులో కొంత ఆ వలలకు ఇస్తే సరిపోతుంది. గట్టు మీద బ్లాక్‌బెర్రీతో పాటు హకుల్‌బెర్రీ, సలాల్, ఎర్ర దేవదారు మొక్కలు నాటాలి. మేత పెట్టకూడదన్న రాష్ట్ర నియమాన్ని ప్రతి ఇంటి తలుపు దగ్గర ఆ ఇంటివాళ్ల భాషలో చదివి వినిపించాలి. మా వీధిలో తెలుగు ఇళ్లకు ఆ పని చేస్తానని పిన్నిగారు ఒప్పుకున్నారు.